ఓర్వగలిగిన పేరు

ఎదుటివాడికి దక్కకూడదన్న పట్టుదల దాహం కంటే బలమైనదా?

నీళ్ళ వరుసలో నిలబడి వేదగిరి ఈ ప్రశ్న తనకు తానే వేసుకున్నాడు. కెంజాయ నగరంలో ఇప్పుడు మనిషికి రోజుకు మూడు లీటర్లు. కుళాయి పక్కన వేలిముద్ర వేస్తే కొలిచిన నీళ్ళు సీసాలో పడతాయి. చివరి చుక్క జారేదాకా ఎవరూ సీసా తీయరు, వెనకవాళ్ళు తొందర పెట్టరు. అంగారకుడి మీద మనుషులు కాపురం పెట్టి డెబ్బై ఏళ్ళయింది. గుమ్మటాల కింద బతికే ఈ మూడువేల నాలుగువందల మందిలో సగానికి పైగా వానను చూడనివాళ్ళే.

నగరానికి పది కిలోమీటర్ల దూరంలో మంచు పొర ఉంది. తవ్వడానికి గని పక్షం సిద్ధం. తవ్వే యంత్రాలకు కావలసిన విద్యుత్తు మాత్రం సేద్య పక్షం నడిపే దీపవనాలకు పోతోంది. కృత్రిమ వెలుగులో పైర్లు పండే ఆ వనాల్లో దీపం తగ్గితే పంట తగ్గుతుంది. శాసనసభలో గని పక్షానికి ముప్పై ఒక్క మంది, సేద్య పక్షానికి ముప్పై ఒక్క మంది. సభాపతికి ఓటు లేదు. పదకొండు నెలలుగా ఒకరు తెచ్చిన బిల్లును మరొకరు ఓడిస్తూ వచ్చారు. నగరానికి ఇక మిగిలినవి ఇరవై ఒక్క రోజుల నీళ్ళు.

అందుకే సభ వేదగిరిని పిలిచింది.

అతడు నిర్మించిన సమ్మతిదర్శిని ఆలోచనలను చదవదు. నుదుటికి చుట్టుకున్న పలచని పట్టీ ద్వారా మెదడులోని నాడీతరంగాలను, అంటే న్యూరల్ సిగ్నల్స్‌ను, గ్రహిస్తుంది. ఒక వాక్యం విన్నప్పుడు మనసు దాని వైపు మొగ్గిందా, వెనక్కి జంకిందా అన్నది మాత్రమే దానికి తెలుస్తుంది. జంకులోనూ రెండు రకాలను అది వేరు చేస్తుంది: నష్టం వల్ల కలిగే జంకు, ఓర్వలేనితనం వల్ల కలిగే జంకు. బిల్లులోని ఒక్కొక్క మాటను మార్చి వినిపిస్తూ, అందరూ తక్కువగా జంకే పాఠం వైపు దాని అల్గారిదం నడుస్తుంది. కొలతకు ఒక ఆధారం కావాలి కనుక, యంత్రం నడిపే మనిషి కూడా పట్టీ కట్టుకోక తప్పదు.

ఆ మధ్యాహ్నం రెండు గంటలకల్లా పాఠం కుదిరింది. దీపవనాలు నలభై రోజులు సగం వెలుగుతో నడవాలి. కరిగిన తొలి నీరు వనాలకే వెళ్ళాలి. అరవై రెండు పట్టీల్లో ఒక్కటి కూడా జంకలేదు. వేదగిరి లేచి నిలబడబోయాడు. అప్పుడు సభాపతి ఫిలోమినా, ఆచారం ప్రకారం, ఇది ఎవరి పేర ప్రవేశపెడుతున్నారని అడిగింది. అరవై రెండు సూచికలూ ఒక్కసారిగా ఎర్రబడ్డాయి.

కెంజాయలో పేరు లేని చట్టం ఉండదు. చట్టానికి ఒక బాధ్యుడు ఉండాలని తొలి నివాసులు రాసుకున్నారు. విగ్రహాలకు చోటు లేని ఊళ్ళో మనిషికి దక్కే గౌరవం అదొక్కటే. పిల్లలు బడిలో చట్టాల పేర్లు వల్లె వేస్తారు.

సభ అరగంట ఆగింది. ఇద్దరు నాయకులు వేదగిరి గదిలోకి వచ్చారు. ఒకరి ముఖం ఒకరు చూడకుండా కూర్చున్నారు.

"బిల్లు మంచిగనే ఉంది డాక్టర్ సాబ్," అన్నాడు గని పక్షం గట్టయ్య. అతడి ముత్తాతలు గోదావరిఖని బొగ్గుబావుల్లో దిగినవాళ్ళు. "పేరు మాది గాకున్నా ఫికరు లేదు. వాళ్ళది మాత్రం గావద్దు."

"అదే మాట మేమూ అనొచ్చండి," అన్నాడు సేద్య పక్షం సత్తిరాజు. "దీపాలు తగ్గించుకునేది మేమండి. పేరు ఆయనదా? మా ఆడాళ్ళు నన్ను ఇంట్లోకి రానిత్తారా?"

"నీళ్ళు లేకుంటే ఇల్లే ఉండదు గదయ్యా."

"ఉండకపోతే నీకూ ఉండదుగా. అదో తృప్తి."

గట్టయ్య నవ్వు ఆపుకోలేకపోయాడు. వెంటనే, నవ్వినందుకు తనమీద తానే చిరాకుపడ్డట్టు తల తిప్పుకున్నాడు.

"సభ్యులు కానివారి పేరు కూడా పెట్టవచ్చు," అన్నాడు వేదగిరి. "యంత్రాన్నే అడుగుదాం. నగరంలో ప్రతి పేరునూ సభ్యులకు వినిపిస్తుంది."

ఆ మాట అంటున్నప్పుడు అతడి మనసులో ఒకే పేరు ఉంది. అది తనదే. పదకొండు నెలల చిక్కు విప్పినవాడి పేరు కాక మరెవరిది నిలుస్తుంది?

నాయకులు సభలోకి వెళ్ళారు. పట్టీలు మళ్ళీ నుదుళ్ళకు చేరాయి. వేదగిరి ఒంటరిగా తెర ముందు కూర్చున్నాడు. పేర్లన్నీ వినిపించడానికి గంట పట్టింది; ఆపైన సభ్యులు మళ్ళీ విరామానికి లేచారు.

"నా పేరుకు ఎంతమంది?" అని అడిగాడు.

"తొమ్మిది మంది," అంది సమ్మతిదర్శిని. "మిగిలిన వారిలో రెండో రకం జంకు కనిపించింది."

"అందరూ ఒప్పుకున్న పేరు?"

"ఒకటే ఉంది. మంచినీటి కేంద్రంలో వడపోత పలకలు శుభ్రం చేసే విభాగంలో తాయారు గారు. అరవై రెండు మందీ సమ్మతించారు. ఆమెను చూసి ఓర్వలేనివారు సభలో లేరు. మొత్తం అరవై మూడు పట్టీల్లో ఒక్కటి మాత్రం జంకింది."

"అరవై మూడోది నాది."

"అవును. రెండో రకం. ఈరోజు నమోదైన వాటిలో అదే అత్యధికం."

వేదగిరి పట్టీ విప్పి బల్లమీద పెట్టాడు. ఆ రెండు జంకులను వేరుచేసే సూత్రం తాయారుదే. ముప్పై ఏళ్ళ క్రితం, ఇద్దరూ ఒకే ప్రయోగశాలలో ఉన్న రోజుల్లో, రెండేళ్ళు కుస్తీపట్టి అతడు ఓడిపోయినచోట, ఆమె భోజనం చేస్తూ చేస్తూ దాన్ని పళ్ళెం అంచున గీసి చూపించింది. "తీసుకో, నాకెందుకు" అంది. తరువాత పరిశోధన మానేసింది. లోకానికి ఆమె చదువుకుని కూడా పైకి రాని వ్యక్తి. ఆమెకు దక్కవలసిన కీర్తి తనకే దక్కినా అతడు ఆమెను చూసి కుళ్ళుకుంటూనే వచ్చాడు. అంత విలువైనదాన్ని అంత తేలికగా వదలగలిగిన మనసు తనకు లేదని అతడికి తెలుసు. సూత్రాన్ని తీసుకోగలిగాడు కానీ ఆ తేలికదనాన్ని తీసుకోలేకపోయాడు.

ఆమె సమ్మతి కావాలి కనుక తెరమీద పిలిచాడు. తాయారు తడిచేతులు తుడుచుకుంటూ కనిపించింది. అతడు సంగతంతా చెప్పాడు.

"నన్ను చూసి ఎవరూ కుళ్ళుకోవడం లేదా?" అంది. "అంత తీసిపోయానా గిరీ?"

"ఒక్కరున్నారు."

"నువ్వేగా."

వేదగిరి చూపు బల్లమీది పట్టీ మీదికి మళ్ళింది.

"ఏటేటా నా పుట్టినరోజుకి మరిచిపోకుండా ఫోను చేస్తావు. ఇప్పుడేం చేస్తున్నావని అడుగుతావు. ఏముంది, పలకలు కడుగుతున్నానంటాను. అప్పుడు నీ గొంతు తేలిక పడుతుంది. ముప్పై ఏళ్ళుగా వింటున్నాను, తెలీదా?"

"నీలా ఇచ్చేయడం నాకు చేతకాలేదు, తాయారూ. దానికే."

ఆమె చేతుల్లోని గుడ్డ పక్కన పెట్టింది. "అది ఇవ్వడం అనుకున్నావా? ప్రయోగశాలలో అందరికీ నీ ఓపికంటే గౌరవం. నన్ను చూస్తే, ఏదో చురుకైన పిల్ల అనేవాళ్ళు. నాకు మండిపోయేది. నీ చేత్తో నువ్వు సాధించనిదాన్ని నీ పేరుమీద మోస్తే బతికినంతకాలం నిద్రపట్టదని తెలుసు. అందుకే ఇచ్చాను."

"అయితే పరిశోధన ఎందుకు మానేశావు?"

"ఇంకోటి కనిపెడితే నువ్వు నన్ను చూసి బాధపడేవాడివి. కనిపెట్టకపోతే నిన్ను చూసుకుని బాధపడతావు. రెండోదే నచ్చింది. మొదట్లో బాగానే ఉండేది. తరవాత్తరవాత పలకలు కడగడమే మిగిలింది."

ఆమె గొంతులో పశ్చాత్తాపం లేదు, గర్వమూ లేదు.

"పేరు పెట్టుకో," అంది. "పెట్టిన మర్నాడే ఆ అరవై రెండు మందికీ నేను గిట్టను. నీ యంత్రానికి ఇంకొకరు కావాలి. ఒక్కరోజైనా నన్ను చూసి జనం కుళ్ళుకుంటే చూడాలనుంది, అబద్ధం ఎందుకు? పెట్టకపోయినా నాకు ఆశ్చర్యం లేదు. నీ ఇష్టం."

తెర ఆరిపోయింది.

వేదగిరి తన లోపలికి చూసుకున్నాడు. ముప్పై ఏళ్ళు అతడు కుళ్ళుకున్న ఔదార్యం అసలు లేనే లేదు. ఆ సంగతి తెలిశాక బరువు దిగిపోవాలి కదా. దిగలేదు. అసూయ తన ఆధారాన్ని పోగొట్టుకుని, క్షణంలోనే మరొకటి వెతుక్కుంది: ఇంత మాటను ఆమె అంత నిర్భయంగా చెప్పగలిగింది, తాను చెప్పలేడు. అసూయకు కావలసినది వస్తువు కాదు, గుణమూ కాదు. మనసు ఎవరో ఒకరిని తనకంటే ఎత్తున నిలబెట్టుకుంటుంది, ఆపైన వారిని కిందికి లాగుతుంది. దాన్ని నయం చేసే యంత్రం అతడు నిర్మించలేదు. దాన్ని కొలిచాడు, అంతే.

ఇప్పుడు యంత్రానికి ఏ పేరూ దొరకలేదని చెబితే చాలు. ఎవరూ తప్పుపట్టరు. ధ్రువీకరణ అతడిది, మరొకరు సరిచూడలేరు. తాయారు కోరుకున్న ఆ ఒక్కరోజు ఆమెకు దక్కదు. ఆ ఆలోచనలోని రుచి నాలుకకు తగిలింది, నిజంగానే. పొద్దున్న తెచ్చుకున్న మూడు లీటర్లలో తాగింది ఒక్క గుక్కే. గొంతు ఎండిపోతోంది.

గది అవతల ఫిలోమినా గంట మోగించింది. సభ్యులు సీట్లలోకి చేరుతున్న చప్పుడు వినిపించింది. గట్టయ్య ఏదో అన్నాడు, సత్తిరాజు దానికి తగ్గట్టే సమాధానం చెప్పాడు. ఎవరో నవ్వారు. ఎవరో దగ్గారు, ఎండిన గొంతుతో చాలాసేపు.

తాను ఆమెను ఓర్వలేడు. రేపూ ఓర్వలేడు. అది మారేదాకా ఆగాలనుకుంటే నీళ్ళు ఆగవు.

"ప్రతిపాదకురాలి పేరు తాయారు," అన్నాడు వేదగిరి. "ధ్రువీకరిస్తున్నాను."

"పంపే ముందు మరొకసారి ఆలోచించుకుంటారా?" అని సమ్మతిదర్శిని నియమం ప్రకారం అడిగింది.

"వద్దు. ఆలోచిస్తే పంపను."

బొటనవేలు ఫలకం మీద ఉంచి, సభాపతి బల్లకు పంపేశాడు.