ఎర్ర క్లిప్పు, నల్ల క్లిప్పు

"అక్కా! ఇటు! ఇటు!"

చీకట్లో సెల్ టార్చి ఊగుతోంది.

ఆమె స్టీరింగ్ తిప్పింది. బ్రేక్‌డౌన్ వ్యాన్ కీచుమంటూ ర్యాంప్ దిగింది. బయట పట్టపగలు. కట్టడం సగంలో ఆగిపోయిన ఈ కాంప్లెక్స్ సెల్లార్‌లో మాత్రం చిమ్మచీకటి!

హెడ్‌లైట్ల వెలుగులో కారు. దాని పక్కన తమ్ముడు. చెమటకి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

"బావ ఎక్కడ రా?"

"చెప్తా. ముందు బండి స్టార్ట్ చెయ్. బ్యాటరీ డెడ్!"

నిన్న సాయంత్రం డ్యూటీకని వెళ్ళిన మొగుడు ఇంటికి రాలేదు. సబ్ ఇన్‌స్పెక్టర్! ఫోన్ స్విచాఫ్. స్టేషన్‌లో ఎవర్నడిగినా తెలీదనే మాటే. రాత్రంతా ఆమె పడిన నరకం పగవాళ్ళకి కూడా వద్దు. తెల్లారాక వచ్చింది తమ్ముడి ఫోన్. బావ జాడ తెలిసిందట. కారు మొరాయించిందట. ఎవరికీ చెప్పకుండా ఆమె మెకానిక్ షెడ్డు వ్యాన్ తీసుకుని రమ్మన్నాడు.

వచ్చేసింది. వాడు పిలిస్తే ఎందుకని అడిగే అలవాటు ఆమెకి ఎప్పుడుంది గనక!

వ్యాన్‌ని కారుకి ఎదురుగా ఆపింది. మధ్యలో మనిషి పట్టేంత సందు. బ్యాటరీకి బ్యాటరీ కలిపే కేబుల్స్ తీసింది. కారు బానెట్ ఎత్తి కడ్డీ తగిలించింది.

"రాత్రి లైట్లు వేసి వదిలేశావా?"

"లేదు."

"పాటలు?"

"లేదన్నానుగా! త్వరగా కానియ్!"

మరి బ్యాటరీ ఎలా పోయింది? మొన్న మొన్నే తన చేత్తో వేసిన కొత్త బ్యాటరీ! ఎక్కడో ఏదో వెలుగుతూ ఉండాలి... ఏ తలుపో సరిగ్గా పడలేదేమో.

కారు చుట్టూ నడిచింది. కారు వెనక, బయటికెళ్ళే రెండో ర్యాంప్. తలుపులన్నీ బాగానే ఉన్నాయి.

డిక్కీ!

మూత సగం లాక్‌లో చిక్కుకుంది, పూర్తిగా పడలేదు. సందులోంచి మసగ్గా, ఇవాళో రేపో అన్నట్టు ఎర్రటి వెలుగు. డిక్కీ లైటు. రాత్రంతా వెలిగి బ్యాటరీని పీల్చేసింది.

మూత ఎందుకు పడలేదు?

వంగి చూసింది.

లాక్ దగ్గర... ఒక వేలు!

నలిగిపోయింది. వాచిపోయింది. దాని మీద ప్లాస్టర్. నిన్న పొద్దున తనే చుట్టిన ప్లాస్టర్!

ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి.

ముట్టుకుంది. వేలు కదిలింది!

బతికే ఉన్నాడు! మూత పడితే ఊపిరాడదని, ఎముక నలుగుతున్నా రాత్రంతా వేలు తియ్యలేదు...

"చూసేశావా అక్కా?"

గిరుక్కున తిరిగింది.

తమ్ముడి చేతిలో పిస్టల్. అది ఆమె మొగుడిది!

"ఏం చేశావ్ రా బుడ్డోడా? ఏం చేశావ్?"

"నగల షాపు వాచ్‌మన్‌ని పొడిచింది నేనేనని కనిపెట్టేశాడు. నడువు స్టేషన్‌కి అన్నాడు. సొంత బావమరిదిని! తోసేశా. తల పగిలింది..."

"నిన్ను చదివించింది ఆయన రా! జ్వరమొస్తే భుజాన వేసుకుని తిరిగింది ఆయన రా!"

"తెలుసు! తెలుసక్కా..."

"హాస్పిటల్‌కి తీసుకెళ్దాం. నీ కాళ్ళు పట్టుకుంటా."

"కుదరదు! ఆయన బతికితే నేను చస్తా!" అనేసి నాలుక్కరుచుకున్నాడు. "అంటే... ఊరి బయట దింపేసి వెళ్ళిపోతా. ఆయన్నేం చెయ్యను. నువ్వు స్టార్ట్ చెయ్!"

కళ్ళలోకి చూడటం లేదు. పచ్చి అబద్ధం!

ఆమె గుండె రెండు ముక్కలైంది. అమ్మ పోయిన రోజు తన ఒళ్ళో పడ్డ పిల్లాడు వీడు. డిక్కీలో ఉన్నది తన ప్రాణం. ఎవర్ని వద్దనుకోవాలి?

కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"సరే. ఇలా రా."

రెండు కేబుల్స్‌నీ వ్యాన్ బ్యాటరీకి తగిలించింది. మిగిలిన కొసలు కారు వైపు లాగింది. ఎర్రది బ్యాటరీకి. నల్లది ఇంజన్ ఇనుముకి.

"క్లిప్పుల స్ప్రింగులు వదులైపోయాయి రా. నిలవడం లేదు. నువ్వు రెండు చేతులా నొక్కి పట్టుకో. వదిలావా, నిప్పురవ్వలు లేచి మొహం కాలుతుంది. తాళం నేను తిప్పుతా."

స్ప్రింగులు నిక్షేపంలా ఉన్నాయి. వాడికేం తెలుసు? బుద్ధెరిగాక ఒక్కసారైనా స్క్రూడ్రైవర్ పట్టిన పాపాన పోలేదు!

"నన్ను మోసం చెయ్యవుగా అక్కా?"

"ఎప్పుడైనా చేశానా రా?"

వాడు నమ్మాడు! పిస్టల్‌ని వ్యాన్ బంపర్ మీద పెట్టాడు. సందులోకి దూరి, ఎర్ర క్లిప్పు ఒక చేత్తో, నల్ల క్లిప్పు ఒక చేత్తో నొక్కి పట్టుకున్నాడు.

ఆమె కార్లో కూర్చుంది. లేచిన బానెట్ అంతా కప్పేసింది. దాని కింద సన్నటి సందులోంచి వాడి చేతులు మాత్రం కనిపిస్తున్నాయి. తను పట్టుకుని అక్షరాలు దిద్దించిన చేతులు.

తాళం తిప్పింది.

టక్... టక్... టక్...

మళ్ళీ!

గర్ర్ర్... బ్రూమ్!

"స్టార్టయింది! అక్కా, స్టార్టయింది!" చిన్నపిల్లాడిలా అరిచాడు.

క్లచ్. గేరు.

ఫస్ట్ వేస్తే చాలు! రెండు బళ్ళ మధ్య వాడు నుజ్జయిపోతాడు. పీడా పోతుంది.

గేరు మీద చెయ్యి ఆగింది.

వెయ్యలేకపోయింది. ఎలా వేస్తుంది?

రివర్స్!

టైర్లు కీచుమన్నాయి. కేబుల్స్ ఊడి నిప్పులు చిమ్మాయి. కారు వెనక్కి దూసుకుపోయింది. వెనక రెండో ర్యాంప్!

"అక్కా! అక్కా...!"

పైకి... పైకి...

ఎండ! బయటపడింది! బ్రేక్!

దభేల్!

కడ్డీ జారి బానెట్ కిందికి పడింది. ఎదురుగా ర్యాంప్ నోరు కనిపిస్తోంది. ఇప్పుడు వాడొస్తాడు... కాలుస్తాడు... ఆమె తల దించేసుకుంది.

ఢాం!

అద్దం పగల్లేదు. బుల్లెట్ రాలేదు. వాడు ర్యాంప్ ఎక్కనే లేదు.

చప్పుడు సెల్లార్‌లోంచి వచ్చింది.

"బుడ్డోడా...?"

పలకలేదు.

"ఒరేయ్... పలకరా!"

ఆమె కాలు యాక్సిలరేటర్ మీంచి లేచింది. తలుపు మీదకి చెయ్యి వెళ్ళింది. వెంటనే ఇంజన్ దగ్గింది. కొట్టుకుంది. ఆగిపోబోయింది! ఆగితే ఇక లేవదు ఈ బండి. కేబుల్స్ కింద ఉన్నాయి. వ్యాన్ కింద ఉంది. వాడూ కిందే ఉన్నాడు.

వెనక డిక్కీలోంచి మూలుగు. సన్నగా... ఇంకా సన్నగా...

"ఏవండీ, వెళ్ళిపోదాం! హాస్పిటల్‌కి వెళ్ళిపోదాం!" గొంతు చించుకుని ఏడ్చింది.

యాక్సిలరేటర్ తొక్కేసింది. తమ్ముడున్న వైపు చూడకుండా బండిని రోడ్డు మీదకి తిప్పింది.