సావిత్రి అని కొట్టి ఎంటర్ నొక్కితే

"రంగులది పెట్టు" అన్నది సావిత్రి.

"నల్లదే పెడ్త" అన్నాడు రాంచందర్.

హన్మకొండ చౌరస్తాలో మేడ మీద కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్. ఎనభై ఎనిమిదో సంవత్సరం. కంప్యూటరంటే టీవీకి అన్న అనుకునే రోజులు. ఆదివారం పిల్లల తల్లిదండ్రులను పిలిచి, దానితో పాట పాడించాలని ఇన్‌స్టిట్యూట్ నడిపే శ్రీనివాస్ సార్ ముచ్చట. ఆయన దగ్గర పాటలు వాయించే ప్రోగ్రాములు రెండున్నాయి. ఒకదాంట్లో రంగుల తెర మీద నంబర్లుంటాయి, నంబర్ నొక్కితే చాలు. రెండోది ఒట్టి నల్ల తెర. పాట పేరు టైప్ చేసి ఎంటర్ కొడితేనే పలుకుతుంది. ఏది పెట్టాలో తేల్చే పని, సావిత్రితో పాటు అక్కడ కోర్సు చేస్తున్న రాంచందర్‌కు అప్పజెప్పారు.

"వచ్చేటోళ్లు దుకాణపోళ్లు, రైతులు. ఇంగ్లీషుల పేర్లు ఎవలు కొడ్తరు? నంబరైతే మా నాన్న సుత నొక్కుతడు."

"రంగులది మెమరీ మస్తు తింటది. నీకు తెల్వది తియ్."

"అబ్బో! మెమరీ నీ జేబులకెల్లి తీసి పెడ్తానవా?"

ఆమె మాటే న్యాయం. అది అతనికీ తెలుసు. కానీ ఆ నల్లదాంట్లో ఒక పాటకు అతను సావిత్రి అని పేరు పెట్టుకున్నాడు. ల్యాబ్‌లో ఎవరూ లేనప్పుడు ఆ పేరు కొట్టడం, పెళ్లి సన్నాయి పీపీమని మోగుతుంటే ఒక్కడే కూర్చుని మురిసిపోవడం! పైకి చెప్పుకుంటే నలుగురూ నవ్విపోతారు. నల్లదే పెట్టాడు.

ఆదివారం సావిత్రి తండ్రి నర్సయ్య వచ్చాడు. స్టీలు సామాన్ల దుకాణం ఆయనది. ఆడపిల్లకు ఈ కంప్యూటర్ చదువెందుకని మొదట్నుంచీ సణుగుతూనే ఉన్నాడు. వాలకం నచ్చకపోతే ఆ రోజే మాన్పించేద్దామని వచ్చాడు.

"ఏదన్న పేరు కొట్టుండ్రి సేటూ. లేని పేరైతే లేదని చెప్తది" అన్నారు సార్.

"నా బిడ్డ పేరే కొడ్త" అంటూ నర్సయ్య, సార్ ఇంగ్లీషు అక్షరాలు చెబుతుంటే, ఒంటి వేలితో ఒక్కోటీ వెతుక్కుంటూ నొక్కాడు.  అడ్డం పడదామని రాంచందర్ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు.

ఎంటర్ కొట్టగానే సన్నాయి మోగింది.

జనం చప్పట్లు కొట్టారు. నర్సయ్య కొట్టలేదు.

"గిది పెండ్లి సన్నాయి గాదు? నా బిడ్డ పేరుకు గిది ఎవలు పెట్టిండ్రు?"



"నేనే పెట్టిన నాన్నా. ఊకెనే" అన్నది సావిత్రి.

రాంచందర్‌కు తల కొట్టేసినట్టయింది. తన పిచ్చి ముచ్చటకు ఆమె చదువు పోయేలా ఉంది. పైగా ఆమె అబద్ధం చాటున తాను దాక్కున్నాడు. ఛీ, ఇదీ ఒక బతుకేనా!

"కాదు సేటూ, నేను పెట్టిన. ఆమెకు ఏం తెల్వది. తప్పు నాది."

నర్సయ్య అతన్ని ఎగాదిగా చూసి, పల్లెత్తు మాట అనకుండా బిడ్డను తీసుకుని మెట్లు దిగిపోయాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

మర్నాడు ఒకటే వాన. లోపలికి పోవడానికి మొహం చెల్లక రాంచందర్ మెట్ల మీదే నిలబడ్డాడు. ఆమె ఇక రాదనుకున్నాడు. అంతలో గొడుగు పట్టుకుని సావిత్రి వచ్చింది.

"మీ నాన్న పంపిండా?"

"పంపిండు. 'గా పోరడు నిజం చెప్పిండు, నువ్వు అబద్ధమాడినవ్' అని తిట్లన్ని నాకే పడ్డయ్."

"తప్పయింది సావిత్రీ. నీ ఇజ్జత్ తీసిన. నీ మొకం సూసెటందుకే సిగ్గయితాంది."

"కావాలె. మంచిగ సిగ్గుపడు." ఆమె రెండు మెట్లు ఎక్కి ఆగింది. "నా పేరు కంప్యూటర్ల గన్నిసార్లు కొట్టంగ తలుపు సందులకెల్లి సూసిన. ఒక్కసారన్న నన్ను అడిగినవా?"

"లే... లేదు."

"అంతమందిల, మా నాన్న ముందట ఒప్పుకున్నవ్. నా ముందట ఒప్పుకునేటందుకు ఏం రోగం?"

అతని మొహం కందగడ్డయింది. "నువ్వంటే నాకు ఇష్టం" అని గొణిగాడు నేల చూస్తూ.

"వాన సప్పుడుకు ఇనవడలే."

"నువ్వంటే నాకు ఇష్టం సావిత్రీ!"

ఈసారి కింద ఛాయ్ హోటల్ ముందు నిలబడ్డవాళ్లంతా తలెత్తి చూశారు. సావిత్రి చప్పున గొడుగు అడ్డం పెట్టుకుంది, కానీ దాని వెనక నవ్వు ఆగలేదు.

"గిప్పుడు ఇనవడ్డది" అన్నది. "సాయంత్రం దుకాణం కాడికి రా. గింతే గట్టిగ మా నాన్నకు సుత చెప్పు."