విప్పిన రేకులు

చిక్కడపల్లిలోని కిరాయి ఇంట్లో పద్మ భర్త విఠల్‌కూ మరిది ప్రహ్లాద్‌కూ చాయ్ అందిస్తుండగా గేటు ముందు అంబాసిడర్ హారన్ మోగింది. విఠల్ గ్లాసు పెట్టేసి లేచాడు. నారాయణగూడలో పదిహేనేళ్లుగా కార్ల మరమ్మతు షెడ్డు నడుపుతున్నవాడు. అది అశోక్‌నగర్ వకీలు విశ్వేశ్వరరావు గారి బండి అని చూడకుండానే చెప్పగలడు.

"ప్రహ్లాద్ ఉన్నాడా విఠల్?" అన్నారాయన కారు దిగకుండానే. "ఆయిల్ మార్చాలి. బండి మాత్రం ఇప్పుడు బ్రహ్మాండంగా నడుస్తోందయ్యా. మీ తమ్ముడి చేతిలో ఏదో మహిమ ఉంది!"

విఠల్ పెదవులతో మాత్రమే నవ్వాడు.

ఎండాకాలంలో యాభై మైళ్లు పోతే చాలు, ఆ కారు మరిగిపోయేది. విఠల్ రేడియేటర్ కడిగాడు, గొట్టాలు మార్చాడు. రెండేళ్లయినా జబ్బు వదల్లేదు. చివరికి తమ్ముడు ప్రహ్లాద్ బానెట్ ఎత్తి చూసి, "గాలి ముందటి జాలీలకెళ్లి వస్తుంది గని, రేడియేటర్‌లకు పోతలేదన్నా. పక్క సందులకెళ్లి తప్పించుకుంటుంది," అన్నాడు. ఆ సందులు మూసేలా రెండు పక్కలా రేకులు కత్తిరించి బిగించాడు. కారు మళ్లీ మరగలేదు.

తండ్రి పోయేనాటికి ప్రహ్లాద్‌కు పదేళ్లు. వాడికి పానా పట్టడం నేర్పింది విఠలే. ఇప్పుడు షెడ్డుకొచ్చిన ప్రతివాడూ తమ్ముణ్ణే అడుగుతుంటే అతని కడుపు మండిపోయేది.

ఆ మధ్యాహ్నం షెడ్డులో, ప్రహ్లాద్ సామాన్లకు వెళ్లినప్పుడు విఠల్ ఆ బండికి ఆయిల్ మార్చాడు. తర్వాత పానా అందుకుని రేకులు రెండూ విప్పి పాత టైర్ల వెనక పడేశాడు.

నాలుగో రోజు విశ్వేశ్వరరావు గారు షెడ్డులోకి వస్తూనే ప్రహ్లాద్ మీద విరుచుకుపడ్డారు.

"సూర్యాపేట దాటగానే మరిగిపోయింది! ఎనిమిదో నెల కడుపుతో మా అమ్మాయి ఎండలో కళ్లు తిరిగి పడిపోయింది. నిన్ను నమ్మి బయల్దేరాం కదయ్యా!"

ప్రహ్లాద్ బానెట్ ఎత్తి, రేకులు బిగించిన చోట తడిమి చూశాడు. "తప్పు నాదే సార్. అమ్మాయిగారికి ఎట్లుంది?"

"డాక్టరు పరవాలేదన్నాడు కాబట్టి సరిపోయింది!"

విఠల్ కోరుకున్నది ఇదే. అయినా సంతోషం కలగలేదు.

సాయంత్రం ప్రహ్లాద్ అన్నం ముట్టలేదు. అంబర్‌పేట్‌లో డ్రైవర్ పని చూసుకుంటానని వదినతో చెప్పి బయటికి వెళ్లిపోయాడు.

"పోనీ. పని రాకుంటె గట్లనే అయితది," అన్నాడు విఠల్.

పద్మ గిన్నె ఠక్కున కింద పెట్టింది. "రేకులు వాటంతట అవి ఊడలేదంట. ఎవరో పానాతోని విప్పిన్రంట. షెడ్డుల ఉండేది మీరిద్దరే కదా?"

"నీకెవరు చెప్పిన్రు?"

"ప్రహ్లాదే. 'అన్నను అడగకు వదినా, అన్న పేరు పోతే ఇంక షెడ్డుకెవ్వరు రారు' అన్నడు. గంత మంచోని మీద కుళ్లెందుకు మీకు?"

"అందరు వాన్నే మెచ్చుకుంటున్నరు. నువ్వు గూడ! మరి నేనేం గావాలె?"

"వాన్ని మెచ్చుకునేటప్పుడు, నేర్పింది మీరే అని మురిసిన. గది గూడ తెల్వదా మీకు?"

విఠల్ కళ్లలో నీళ్లు ఆగలేదు.

మర్నాడు పొద్దున్నే అశోక్‌నగర్ వెళ్లాడు. వకీలు గారి అమ్మాయి వరండాలో కూర్చుని ఉంది. ఆమె ముఖం చూడలేక తల దించుకున్నాడు.

"రేకులు విప్పింది నేను సార్. తమ్ముని మీద కుళ్లుకొని చేసిన. తప్పయిపోయిందమ్మా."

విశ్వేశ్వరరావు గారు కూతురి వైపోసారి చూశారు. "ఇక నా బండి నీ చేతికివ్వను విఠల్," అన్నారు.

"ఇయ్యకున్రి సార్. మా ప్రహ్లాద్ చేతికియ్యున్రి."

ఇంటికొచ్చేసరికి ప్రహ్లాద్ బట్టలు సంచిలో సర్దుకుంటున్నాడు. విఠల్ ఆ సంచి లాక్కున్నాడు.

"వకీలు సార్‌కు అంత చెప్పిన. బండి వస్తది, నువ్వే చెయ్యాలె."

ప్రహ్లాద్ అన్న ముఖంలోకి చూశాడు. "మరి నువ్వో?"

"నేను రేకు పట్టుకుంట," అన్నాడు విఠల్. "గాలి ఎట్ల పోతదో నాకు గూడ జర నేర్పురా."