ఎవడని అడిగితే పలక్కండి

విట్కోమ్ కాలేజీ బాస్కెట్‌బాల్ స్టేడియాన్ని అమెరికాలో మా ఇండియానా రాష్ట్రంలో అందరూ ‘గాదె’ అంటారు. తొంభై ఏళ్ళ నాటి ఇటుక కట్టడం, చెక్క బెంచీలు. మేం చదివింది బ్రెక్నర్ కాలేజీ. వాళ్ళకీ మాకూ ఉప్పూ నిప్పూ. అయినా, చచ్చేలోగా ఒక్కసారైనా ఆ గాదెలో మనవాళ్ళు గెలవడం చూడాలని మా తమ్ముడు ఎమెట్ నా ప్రాణం తోడేశాడు. సరే, పోదాం పదమన్నాను. నా ఖర్మ.

జనవరి నెల, శనివారం మధ్యాహ్నం ఆట. బయల్దేరుతుంటే అమ్మ కారు దాకా వచ్చింది.

“ఒరేయ్ పెద్దాడా, వాడి నోరు అసలే మంచిది కాదు. ఎలా తీసుకెళ్తున్నావో అలాగే ఇంటికి తీసుకురా. నీదే పూచీ.”

“వాడికి నలభై ఏళ్ళమ్మా!”

“అయితే?” అంది అమ్మ.

గాదె లోపల పాప్‌కార్న్ వాసన, నేలకి పట్టించిన వార్నిష్ వాసన, మంచుకి తడిసిన ఉన్ని కోట్ల వాసన. గోడల పొడుగునా వెచ్చదనానికి పెట్టిన ఆవిరి గొట్టాలు ఠంగు ఠంగుమంటున్నాయి. కిటికీ అద్దాలకి ఎప్పుడో ఆకుపచ్చ రంగు పూశారు, అందుకని పట్టపగలే లోపల మసకమసగ్గా ఉంది. జనమంతా ఆకుపచ్చ చొక్కాలు. ఎర్రచొక్కాలు మేమిద్దరమే.

టిక్కెట్లు చింపే ముసలావిడ పేరు ఓపల్. మమ్మల్ని ఎగాదిగా చూసింది.

“అబ్బో! ఓడిపోవడానికి డబ్బులిచ్చి మరీ వచ్చారా బాబూ?”

“మీ ఏడుపు చూడ్డానికొచ్చాం మామ్మా” అన్నాడు ఎమెట్.

ఆవిడ పకపకా నవ్వింది. నవ్వి, నా మోచెయ్యి పట్టుకుని గొంతు తగ్గించింది. “మీ ఆటగాళ్ళ పేర్లు చదివేటప్పుడు మావాళ్ళంతా వెనక్కి తిరిగి ‘ఎవడు?’ అంటారు. ఎప్పట్నుంచో ఉన్న అలవాటు. మీరు మాత్రం పలక్కండి.”

“పలికితే ఏమవుతుంది?”

“పలక్కండి బాబూ” అంది మళ్ళీ. ఈసారి నవ్వలేదు.

ఎగతాళి కాబోలనుకున్నాను. ప్రతి కాలేజీకీ ఇలాంటి పిచ్చి ఒకటి ఉంటుంది. ఇనపకమ్మీల్ని ఆనుకుని మొదటి వరసలో కూర్చున్నాం.

మైకులో మావాళ్ళ మొదటి పేరు చదివారు. ఐదువేలమంది ఒక్కసారిగా లేచి, ఆటకి వీపులు తిప్పి, “ఎవడు?” అన్నారు. చెక్క బెంచీలు అదిరాయి. రెండో పేరు. “ఎవడు?” మూడో పేరు. ఎమెట్ చెవులు ఎర్రబడ్డాయి. వాడి తొడ మీద చెయ్యేసి నొక్కాను. ఐదో పేరు దాకా ఎలాగో ఓర్చుకున్నాడు. ఆ తర్వాత బెంచీ ఎక్కేశాడు వెధవ.

“ఎవడా? నేన్రా! ఎమెట్ ప్రూయిట్‌ని! ఏం చేస్తారో చెయ్యండి!”

గొట్టాల చప్పుడు ఆగిపోయింది.

ఎవరూ నవ్వలేదు. ఎవరూ తిట్టలేదు. అన్నీ వీపులే... ఒక్క తలా ఇటు తిరగలేదు.

మైకులో ఎవరో ఊపిరి తీసుకున్నారు.

“ఎమెట్... ప్రూయిట్...”

“ఎవడు?” ఈసారి అరవలేదు. చాలా మెల్లిగా, గుసగుసగా అడిగారు.

వాడు బెంచీ దిగి నా పక్కన కూర్చున్నాడు.

“అన్నయ్యా... మన ఇంటిపేరేంటి?”

“ఆటలాడకురా!”

“గుర్తు రావట్లేదు అన్నయ్యా... నిజంగా...”

వాడి రెక్క పట్టుకుని లేవదీశాను. మెట్ల వరసలో కూడా వీపులే. ఎంత తోసినా అంగుళం కదల్లేదు.

“ఎమెట్...” అంది మైకు. ఇంటిపేరు లేదు.

“ఎవడు?”

తమ్ముడు నావైపు చూశాడు. కొత్తవాణ్ణి చూసినట్టు చూశాడు. నాకు ఏడుపొచ్చింది. భయమూ కోపమూ కలిసి ఒళ్ళు తెలీలేదు.

“నా తమ్ముడు! వాడు నా తమ్ముడు!” అని అరిచాను. అని ఊరుకున్నానా? నేనెవరో కూడా చెప్పాను. పేరూ, ఇంటిపేరూ, అన్నీ.

అప్పుడు తిరిగారు. ఐదువేల మొహాలు. ఒక్క దాంట్లోనూ కోపం లేదు. అందరూ ఎంతో సంతోషంగా ఉన్నారు...

ఈల మోగింది. ఆట మొదలైంది. ఎప్పటిలాగే అరుపులు, గొట్టాల చప్పుడు. నా గుప్పిట్లో ఎర్రచొక్కా చెయ్యి ఉంది, ఇంకా వెచ్చగానే ఉంది. చొక్కాలో మనిషి లేడు.

గాదెంతా వెతికాను. మరుగుదొడ్లు, మెట్ల కింద సందులు, బయట మంచులో కార్లు. ఓపల్ దగ్గరికి పరిగెత్తాను. “ఒక్కరేగా వచ్చారు?” అంది. అనేసి మొహం తిప్పుకుంది. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి.

కార్లో కూర్చోగానే పెన్ను తీసి అరచేతిలో ‘ఎమెట్’ అని రాసుకున్నాను. అది చూసుకుంటూ రెండు గంటలు బండి నడిపాను. అమ్మకి ఏం చెప్పాలి? ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

చీకటి పడకముందే ఇల్లు చేరాను. తలుపు కొట్టాను. అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి తీసింది.

“అమ్మా... వాణ్ణి తీసుకురాలేకపోయానమ్మా...”

అమ్మ నన్ను ఆపాదమస్తకం చూసింది. జాలిగా నవ్వింది.

“అయ్యో, ఎంత తడిసిపోయారు! లోపలికొచ్చి చలి కాచుకోండి. ఇంతకీ మీరు... ఎవరబ్బాయండీ?”