సూసన్నా మడుగు దగ్గర పిలుపు

బ్రిమ్ కోవ్‌లో సూసన్నా మడుగు పేరెత్తితే మగాళ్లు కూడా మాట మార్చేస్తారు.

పెద్ద మడుగేం కాదు. బోడికొండ మీద, గాలికి వంగిపోయి నడుమెత్తు కూడా ఎదగని చెట్ల మధ్య, తారు పోసినట్టు నల్లటి నీళ్లు. తాతల కాలంలో సూసన్నా అనే పిల్ల అక్కడికి బెర్రీ పళ్లు కోసుకోడానికి వెళ్లింది. బుట్ట దొరికింది... పళ్లతో నిండుగా. పిల్ల దొరకలేదు.

అప్పట్నుంచీ పొద్దుగూకాక అక్కడ పేరు పెట్టి పిలుస్తారట. అదీ తెలిసిన గొంతుతోనే. పలికి అటు నడిచారో — ఇక అంతే. అందుకే ఆ వైపు వేటకెళ్లేవాళ్లు ఆ పిలిచేదానికి లంచంగా జేబులో రొట్టెముక్క వేసుకుంటారు. పొగమంచు దిగిందంటే అది ఆనవాలు పట్టకుండా కోటు తిరగేసి తొడుక్కుంటారు.

"ఆ పిరికి మొహాలకి రొట్టె దండగ" అనేది ట్రైఫీనా.

ట్రైఫీనాకి ఎవర్ని చూసినా అంతే. పాస్టరుగారికి పాట రాదు, పక్కింటావిడకి టీ కాచడం రాదు, చేపల పడవ మీద మోకాలు విరగ్గొట్టుకున్న మొగుడు ఆబ్నర్‌కి ఏదీ చేతకాదు. ఇక ఆబ్నర్ తమ్ముడు గార్లండ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ మనిషి ఎదురైతే చాలు, చెప్పుకి అంటుకున్నదేదో చూసినట్టు చూసేది.

కానీ ఆ ఏడు మూస్ వేటకి, అంటే గుర్రమంత అడవి దుప్పి వేటకి, పర్మిట్ ఇద్దరి పేరా కలిపి వచ్చింది — ట్రైఫీనాదీ, గార్లండ్‌దీ. ఒక్క మూస్ పడితే రెండిళ్లకీ చలికాలమంతా మాంసం. తప్పేదేముంది?

దారి చూపే జీపీఎస్ కొనడానికి ఇద్దరూ టౌనుకెళ్లారు. గార్లండ్ షాపులో అన్నిటికన్నా పెద్దది, అన్నిటికన్నా మెరిసేది పట్టుకున్నాడు. తెర మీద వేలితో రాస్తే బొమ్మలు కదిలేది.

"చలికి గ్లౌజులు తొడుక్కుంటావుగా. అప్పుడు ముక్కుతో రాస్తావా?" అంది ట్రైఫీనా.

"నీకు తెలీదులే వదినా. ఇది రాజాలాంటిది."

ఆవిడ బటన్లున్నది తీసుకుంది. చూడ్డానికి సబ్బుబిళ్లలా ఉంది. అయితే గ్లౌజుతో నొక్కినా పలుకుతుంది, మామూలు బ్యాటరీలు పడతాయి, నీళ్లలో పడ్డా బతుకుతుంది. కొన్నరోజు నుంచీ దాంతోనే కాపురం. కట్టెలకొట్టు దగ్గర దాంట్లో ఒక గుర్తు పెట్టి, సమాధుల దాకా నడిచి, తెర మీద బాణం చూసుకుంటూ వెనక్కి వచ్చేది. ఊరంతా నవ్వింది. ఆవిడ ఊరి మొహం కూడా చూడలేదు. బాణం తిన్నగా చూపిస్తుందే తప్ప మధ్యలో గోడ ఉందో, గొయ్యి ఉందో చెప్పదని అలా నేర్చుకుంది. నిలబడితే బాణం పిచ్చిదానిలా తిరుగుతుందనీ, నాలుగడుగులు నడిస్తేనే కుదురుకుంటుందనీ నేర్చుకుంది.

గార్లండ్ తన మిషన్‌కి తోలు తొడుగు కుట్టించాడు. నేర్చుకున్నది అదొక్కటే.

వేట రోజు ఆబ్నర్ బండి నడిపి, అడవి బాట చివర ఆపి, అందులోనే కూర్చున్నాడు. దిగగానే ట్రైఫీనా బండి దగ్గర గుర్తు పెట్టుకుంది.

"నువ్వూ పెట్టు" అంది మరిదితో.

"అన్నీ అదే చూసుకుంటుంది."

మధ్యాహ్నం దాకా ఒక్క డెక్క గుర్తు లేదు. మడుగుకి చెరోవైపు నుంచీ వెళ్లి, అవతల పెద్ద బండ దగ్గర కలుసుకుందాం అనుకున్నారు.

పొద్దు వాలేసరికి ట్రైఫీనా బండ చేరింది. గార్లండ్ రాలేదు.

పొగమంచు వచ్చింది.

సముద్రం మీంచి తెల్లటి గోడలా లేచి కొండనంతా మింగేసింది. వెలుగు కూడా దానితో పాటే పోయింది. చెయ్యి చాపితే చెయ్యి కనబడదు. ట్రైఫీనా ఈల వేసింది... మళ్లీ వేసింది. జవాబు లేదు.

బాణం బండి వైపు చూపిస్తోంది. వెళ్లిపోవచ్చు. 'దద్దమ్మ, తెల్లారేదాకా పడి ఉంటే బుద్ధొస్తుంది' అనుకుంది. రెండడుగులు వేసింది కూడా. ఆగింది. ఈ చలికి తెల్లారేసరికి మిగలడు...

తిట్టుకుంటూ చెట్లలోకి దిగింది.

అప్పుడు వినిపించింది.

"గార్లండ్..."

సన్నగా. కిందనుంచి. ఎవరో నేలలోపలి నుంచి పిలిచినట్టు.

"ట్రైఫీనా..."

ఆవిడ ఉన్నచోటే ఆగింది. గొంతు ఎక్కడో విన్నట్టే ఉంది, గరగరమంటోంది. కాసేపు ఏమీ లేదు — ఎవరి మాటో వింటున్నట్టు. మళ్లీ —

"వస్తున్నా..."

చెట్ల పక్కనుంచి ఏదో ఆవిడ కాలు పట్టుకుంది!

కెవ్వున అరవబోయి, చేతిలో తెర వెలుగు పట్టి చూస్తే గార్లండ్. కొమ్మల కింద ముడుచుకుని ఉన్నాడు. కోటు తిరగేసి తొడుక్కున్నాడు, గుప్పిట్లో రొట్టెముక్క.

"పలక్కు వదినా..." అన్నాడు గుసగుసగా. "పలికితే లాక్కుపోతుంది."

"నీ మిషన్ ఏదీ?"

"విసిరికొట్టా... నా చేతిలో ఉండగానే... నా పేరు పిలిచింది."

ట్రైఫీనా ఆ గొంతు వినబడిన వైపు నడిచింది. నీళ్లకి జానెడు దూరంలో, నాచులో, తెర వెలుగుతూ పడి ఉంది ఆ రాజాలాంటిది.

"జతగా కొన్నావా దీన్ని?"

"తగ్గించి ఇస్తానన్నాడు... రెండోది బండిలో అన్నయ్య ఒళ్లో పడేశా. షాపువాడు ఏదో చెప్పాడు, దూరం నుంచి మాట్లాడుకోవచ్చనో ఏదో... నేను వినలేదు."

"నీ మొహం. రేడియోకి రొట్టె పెడుతున్నావా? అది మీ అన్న గొంతు!"

పక్కనున్న బటన్ నొక్కి అరిచింది. "ఆబ్నర్!"

"ఆఁ... చెప్పు ట్రైఫీనా. సగం పైగా వచ్చేశా."

"ఎక్కడికి?"

"నువ్వేగా మడుగు దగ్గరికి రమ్మన్నావు? తెర మీద గార్లండ్ ఉన్నచోటు చూపే చుక్క కదలడం లేదు, ఏమైందని నేను అడిగితే... ఇందాకట్నుంచీ జవాబు చెబుతున్నావుగా."

వెనకాల గార్లండ్ ఏడుపు మొదలుపెట్టాడు.

"ఆబ్నర్. నిలబడు. ఉన్నచోటే నిలబడు. ఎవరు పిలిచినా అడుగు వెయ్యకు — నేను పిలిచినా సరే."

"అదేంటీ?"

"చెప్పింది చెయ్యి! నువ్వెక్కడున్నావో ఆ తెర మీద అంకెలుంటాయి. చదవడం వచ్చా నీకు?"

"వచ్చు. మీరెళ్లాక పొద్దుపోక పుస్తకమంతా చదివేశా."

ఆబ్నర్ ఒక్కో అంకె చదివాడు. ఆవిడ తన సబ్బుబిళ్లలోకి ఎక్కించింది. బాణం తిరిగింది, తిరిగింది... నాలుగడుగులు నడిచేసరికి కుదురుకుంది. తిన్నగా మడుగులోకి చూపించింది. ఆబ్నర్ అవతలి ఒడ్డున ఉన్నాడు. బండి ఉన్న వైపు కాదు — ఎవరూ అడుగు పెట్టని ఊబి వైపు.

గార్లండ్ కాలర్ పట్టుకుని, నీళ్ల చుట్టూ తిరిగి వెళ్లింది. నడుస్తున్నంతసేపూ రేడియోలో తిడుతూనే ఉంది — సన్నాసీ, బుర్రలేనివాడా, నా ప్రాణానికి దొరికావు. ఆబ్నర్ "ఊఁ... ఊఁ..." అంటూనే ఉన్నాడు. ఆ ఊఁ ఆగిపోతుందేమోనని ఆవిడ తిట్టడం ఆపలేదు.

దొరికాడు.

మోకాళ్ల దాకా బురదలో, కర్రకి వేలాడుతూ నిలబడి ఉన్నాడు. ఇంకొక్క అడుగు వేస్తే నల్లటి నీళ్లే.

ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుని లాగారు. బాణం చూసుకుంటూ బండి చేరారు. ట్రైఫీనా తన కోటు విప్పి ఆబ్నర్ కాళ్లకి చుట్టింది, గబగబా, కోపంగా. గార్లండ్ బండి నడిపాడు, తలుపులన్నీ లాక్ చేసుకుని.

చాలాసేపటికి ఊరి దీపాలు కనిపించాయి. అప్పుడడిగింది ట్రైఫీనా.

"నా గొంతేనా?"

"అచ్చం నీదే."

"దద్దమ్మా, ఇన్నేళ్లు కాపురం చేశావు... అది నేను కాదని నీకు తట్టలేదా?"

ఆబ్నర్ కిటికీ లోంచి బయటికి చూశాడు.

"తట్టాల్సిందే" అన్నాడు మెల్లిగా. "'మోకాలు నొప్పిగా ఉందా ఆబ్నర్... తొందరేం లేదు, నెమ్మదిగా రా' అంది. ఇన్నేళ్లకి అడిగావు కదా అని... దిగాను."