ఆయన చదివి ఆపిన పేజీ

పొద్దున్నే వాకిలి ఊడ్చి, టీ తాగి, సుభద్రమ్మ దువ్వెనలా పళ్ళుండే వాలుగ చేప దవడతో పత్తి ఏకడానికి కూర్చుంది. పొందూరులో ఆ పని చేసేవాళ్ళకి చేతులు ఖాళీ ఉండవు, చెవులు మాత్రం ఖాళీ. భర్త బతికున్నన్నాళ్ళూ ఆ చెవుల కోసమే పక్కన కూర్చుని పుస్తకం పైకి చదివేవాడు.

పక్కవాటాలో ఉండే మరిది కూతురు శైలజ ఫోను పట్టుకుని వచ్చింది.

"పెద్దమ్మా, సూపు పోయిన కాణ్ణుంచి నాన్న గోడకేసి కూకుంటన్నాడు. మా ఫ్రెండు గ్రూపులో కొత్త సినిమాలు, పుస్తకాలు ఊరికే పెడతన్నారు. దించీమంటావేటి?"

"దొంగసరుకు నాకొద్దు. మీ నాన్న నా పుస్తకాలు నన్నడక్కుండా అమ్మీసినాడు. నానింకొకల కష్టం అడక్కుండా ముట్టుకుంటానేటే?"

"మరి ఊరికే ఎలాగొస్తాయి?"

సుభద్రమ్మ ఫోను అందుకుని తనకి తెలిసిన వేరే సైటు తెరిచింది. హక్కుల గడువు తీరిన పాత పుస్తకాలను అందరి కోసం ఉంచే గ్రంథాలయం సైటు అది. కొన్నింటిని ఎవరో పుణ్యాత్ములు చదివి రికార్డు చేసి పెట్టారు. పాత సినిమాలు కూడా ఉన్నాయి. ఆమె వేలు ఒక నవల దగ్గర ఆగింది.

"దీన్నెవరూ సదివి పెట్టనేదు. నానే సదువుతాను. మీ నాన్నని తీసుకురా."

పాత కక్ష పోయిందనుకుని శైలజ మురిసిపోయింది.

కక్ష పోలేదు. ఆ నవల సగంలో ఉండగానే భర్త పోయాడు. కర్మకాండ కాగానే మరిది తిరుమలరావు పుస్తకాలన్నీ పాత కాగితాలవాడికి తూకానికి ఇచ్చేశాడు. "సదువు రానోలకి పుస్తకాలెందుకొదినా?" అన్నాడు. ఆ మాటకే ఆమె నెరిసిన తలతో వయోజనుల బడికి వెళ్ళి అక్షరాలు దిద్దింది.

రోజూ పొద్దున్న తిరుమలరావు అరుగు మీద కూర్చుని వినేవాడు. ముఖంలో వెలుగొచ్చింది. ఓ రోజు సుభద్రమ్మ చదివింది: "అన్న కత్తి పట్టుకుని తమ్ముడి తలుపు తట్టాడు." ఫోను పక్కన పెట్టేసి పత్తి అందుకుంది.

"ఆపీసినావేటొదినా? తలుపు తీసినాడా?"

"నాకేటి తెలుసు?"

"సదువు మరి!"

"సదవను. ఆయన ఇక్కడే ఆపినారు. తెల్లారితే మిగతాది సదువుతానన్నారు. ఆ తెల్లారి ఆయన నేరు, తర్వాత నువ్వు పుస్తకమే నేకండా సేసినావు. అయినా కళ్ళు లేనోలకి కతలెందుకు మరిదీ?"

శైలజ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇన్నేళ్ళు దాచుకున్న మాట అనేశాక సుభద్రమ్మకి హాయిగా ఉండాలి. కానీ లేదు.

తిరుమలరావు ఆమె గొంతు వినపడిన వైపు ముఖం తిప్పాడు.

"నానూ అక్కడి దాకే ఇన్నానొదినా," అన్నాడు. "అన్న నీకు సదువుతుంటే గోడకివతల మగ్గం ఆపి ఇనేవోణ్ణి. అన్న పోయాక ఆ అట్టలు సూస్తే ఆడి గొంతే ఇనపడేది. ఓర్సుకోనేక అమ్మీసినాను. నువ్వడిగితే నోటికొచ్చిన మాటనీసినాను."

"ఆ ముక్క అప్పుడే సెప్పి సావొచ్చు కదరా!"

అరిచేసింది. అరుస్తూనే ఏడ్చింది. తనకి చదువు వచ్చి ఎన్నేళ్ళో అయింది. ఇన్ని రోజులుగా ఈ పుస్తకం ఫోనులోనే ఉంది. అయినా ఆ వాక్యం దాటి ఒక్క అక్షరం చదవలేదు. పగ వల్లే అనుకుంది ఇన్నాళ్ళూ. నిజానికి ఆ వాక్యం దాటితే ఆయన గొంతు ఉండదని భయం.

ఫోను అందుకుని పేజీ తిప్పింది.

"తీసినాడా?" అన్నాడు తిరుమలరావు ఆత్రంగా.

"నోర్మూసుకుని ఇను. సదువుతన్నాను కదా," అంది సుభద్రమ్మ, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ.