ఇరవై పాళ్ళ పలక

ఉదయం తొమ్మిదింటికి చీఫ్ బల్ల మీద పెట్టిన ఫోటో చూసి ఏజెంట్ నీడ దిగ్గున లేచి నిలబడ్డాడు. అందులో ఉన్నది అతని సొంత అక్క.

"మీ అక్కగారి ల్యాబ్‌ని ఇందాకే విదేశీ ముఠా ఒకటి పట్టుకుంది. ఐదో అంతస్తు. ఆవిడ లోపలే ఉంది," అన్నాడు చీఫ్.

సైనికులు భుజాన మోసుకెళ్ళి వాగుల మీద పరుచుకునే తేలికపాటి వంతెన పలకని కనిపెట్టింది అక్క. రెజిన్ అనే జిగురులో పిండిలాంటి సిరామిక్ పొడి కలిపి, అందులో జనపనార పొరల్ని తడిపి, హాట్ ప్రెస్‌లో నొక్కితే ఆ పలక తయారవుతుంది. రహస్యమంతా పొడి పాళ్ళలోనే ఉంది. సరైన అంకె ఇదేనని ముఠాకి నమ్మకం కుదిరితే, ఇక అక్కతో వాళ్ళకి పని ఉండదు. పనిలేని సాక్షిని ముఠాలు ఏం చేస్తాయో నీడకి వేరే చెప్పక్కర్లేదు.

అంకె నిజమో కాదో తేల్చడానికి ముఠా ఒక నిపుణుణ్ణి రప్పిస్తోందని, అతన్ని ఎయిర్‌పోర్టులోనే పట్టేశారని, ముఠాలో ఎవరూ అతని మొహం చూడలేదని చీఫ్ చెప్పాడు. నీడ అతని వేషంలో వెళ్ళాలి. లోపల 'మేడమ్' అనే డబుల్ ఏజెంట్ ఉంది, మన మనిషేనని నమ్మకం. ఎంత నమ్మకమని నీడ అడిగాడు.

"సగం," అన్నాడు చీఫ్.

పెట్టుడు గడ్డం, మందపాటి కళ్ళద్దాలు తగిలించుకుని లిఫ్ట్ ఎక్కగానే నీడ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. పద్నాలుగేళ్ళ సర్వీసు, మూడు మెడల్స్ ఉన్నమాట నిజమే. ఎత్తంటే గుండె జారిపోతుందన్నదీ అంతే నిజం.

తలుపు తీసింది మేడమ్. నల్ల గౌను, ముత్యాల చెవిపోగులు.

"నార ఆరిందా?" అంది మెల్లగా.

"ఇంకా తేమ ఉంది," అన్నాడు నీడ.

కోడ్ సరిపోయింది. అయినా ఆమె మొహంలో చిరునవ్వు లేదు. అది అతనికి అస్సలు నచ్చలేదు.

లోపల ముఠా బాస్ పిస్తోలు పట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. అక్క త్రాసు ముందు నిలబడి ఉంది. ఆమె చెంప వాచి ఉంది. అది చూడనట్టే నీడ కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

బాస్ సంగతంతా చెప్పాడు. నూటికి ఐదు పాళ్ళు పొడి చాలంటోందట ఈవిడ. అంత కాస్త పొడికే ఇంత బలం వస్తే, ఇంకా ఎక్కువ వేస్తే ఇంకా రావద్దా? ఏదో దాస్తోందని అతని అనుమానం. నిపుణుడే తేల్చాలన్నాడు.

ఐదే నిజం. భోజనాల దగ్గర అక్క పాఠాలు విని విని ఆ అంకె నీడకి నోటికొచ్చేసింది. కానీ నిజమని ఒప్పుకుంటే అక్క పని ఈ క్షణంలోనే అయిపోతుంది. వేరే అంకె చెబితే, ఆ పాళ్ళతో పలక నొక్కి చూపించడానికైనా వాళ్ళు అక్కని బతకనివ్వాలి.

"ఇరవై," అన్నాడు.

అంతటితో గండం గడిచిపోవాల్సిందే. కానీ సగం జీవితం ఆ పొడితోనే కాపురం చేసిన మనిషి, తప్పు అంకె వింటూ ఊరుకుంటుందా? అక్క మొహం ఎర్రబడింది. అప్పటిదాకా ఉన్న ప్రాణభయం ఎటు పోయిందో పోయింది.

"ఐదు దాటితే పొడి గడ్డకడుతుంది. రెజిన్ నారకి సరిగ్గా అంటదు. పలక పుటుక్కుమంటుంది. భోజనాల దగ్గర నీకు ఎన్నిసార్లు చెప్పాను?"

అక్క చెయ్యి దానంతటదే నోటి మీదికి వెళ్ళింది. అన్నమాట వెనక్కి తీసుకోవడం ఎవరి తరం?

బాస్ లేచొచ్చి నీడ గడ్డం పట్టి లాగాడు. గడ్డం చేతికొచ్చింది. ఇద్దరి ముక్కులూ పోల్చి చూసి తెగ నవ్వాడు.

"అక్కాతమ్ముళ్ళా? భలే నాటకం. మీరిద్దరూ పోట్లాడుకుంటే నేను ఐదే నిజమని నమ్మాలన్నమాట. అంటే అసలుది ఇరవయ్యే."

అతి తెలివి మనిషిని ఎంత దూరమైనా తీసుకెళ్తుంది. ఆ అంకెని తమ దేశానికి పంపెయ్యమన్నాడు. మేడమ్ కనురెప్ప కూడా వాల్చకుండా వైర్‌లెస్ మీద టకటకా కొట్టేసింది. తర్వాత బాస్ దగ్గరుండి అక్క చేత ఇరవై పాళ్ళతో పలక నొక్కించాడు. అరగంట పట్టింది. ఆ అరగంటలో నీడ చొక్కా చెమటతో ఒంటికి అతుక్కుపోయింది.

ల్యాబ్ కిటికీకీ పక్క మేడకీ మధ్య రెండు మీటర్ల సందు ఉంది. బాస్ కారు ఆ మేడ వెనక ఆగి ఉంది. పలకని సందు మీద అడ్డంగా వేయించాడు.

"ముందు తమ్ముడు నడుస్తాడు. పలక విరక్కపోతే తర్వాత నేను. అక్క సంగతి మేడమ్ చూసుకుంటుంది."

మేడమ్ తలూపింది. నీడకి ఆ సగం నమ్మకం కూడా పోయింది.

కిటికీ ఎక్కాడు. కిందికి చూడొద్దనుకుంటూ కిందికే చూశాడు. చచ్చిపోతానని అంత స్పష్టంగా అతనికి ఎప్పుడూ అనిపించలేదు. ఒక అడుగు వేశాడు. పాదం కింద ఏదో టిక్కుమంది. వెనక అక్క ఏడుస్తూ వద్దు, వద్దు అంటోంది. రెండో కాలు ఎత్తాడు.

సరిగ్గా అప్పుడే మేడమ్ చెవిపోగు సర్దుకుంది. కింద సైరన్లు ఒక్కసారిగా మోగాయి. మెట్ల మీద బూట్ల చప్పుడు. బాస్ కంగారుగా నీడ కాలరు పట్టి గదిలోకి లాగి పారేసి, తనే పలక మీద పరుగెత్తాడు. మధ్య దాకా వెళ్ళాడు. పలక బిస్కట్టులా విరిగింది.

కింద సందులో కమాండోలు అప్పటికే వల పట్టుకుని నిలబడి ఉన్నారు; బాస్ వెళ్ళి అందులో పడ్డాడు. ఆ వల నిజానికి నీడ కోసం తెప్పించానని మేడమ్ చెప్పింది, మొదటిసారి నవ్వుతూ. నీడకి నవ్వు రాలేదు. బాస్ విసిరేసిన చోటే నేల మీద కూర్చుండిపోయాడు.

అక్క కిటికీ చట్రంలో ఇరుక్కున్న ముక్కని లాగి, విరిగిన అంచుని వెలుతురులో పెట్టి చూసింది. తెల్లటి పొడి గడ్డలు, వాటి పక్కన సరిగ్గా తడవని నార. ముక్క పక్కన పెట్టేసి తమ్ముడి దగ్గర కూర్చుంది. అతని జుట్టు నిమిరింది.

"ఈసారి ప్రాణం మీదికొచ్చినా సరే," అంది, "నలుగురిలో మాత్రం ఇరవై అనకు."